తడిసిన మందు చచ్చిపోయినట్టేనా? మందుగుండు నిలవలో జరిగే రసాయనం

దీపావళికి వారం ముందు కోనసీమలో చాలా ఇళ్ళలో అటకలు దించుతారు. నిరుడు మిగిలిన కాకరపువ్వొత్తులు, సగం ఖాళీ అయిన భూచక్రాల పెట్టె, ఎవరి పెళ్ళికో తెచ్చి వదిలేసిన జువ్వలు, అన్నీ ఏదో ఒక బిస్కెట్ల డబ్బాలో కలిసి ఉంటాయి. మా ఇంట్లో అలాంటి డబ్బా మూత తీస్తే చిచ్చుబుడ్ల కాగితం మీద తెల్లటి నూగు కనిపించింది, చవిటి గోడకు ఉప్పు పూసినట్టు. వేలితో రాస్తే పొడిగా రాలింది. లోపలి నుంచి తెల్లవారుజామున పశువుల కొట్టంలో వచ్చే ఘాటు లాంటి వాసన.

మా చినమావయ్య చూసి, "తడిసి చచ్చిపోయాయిరా. రెండు రోజులు డాబా మీద ఎండలో పడేస్తే మళ్ళీ లేస్తాయి" అన్నాడు.

ఈ మాట ఆయనొక్కడిదే కాదు, డెల్టాలో అందరి నోటా వినపడేదే. ఇందులో రెండు నమ్మకాలున్నాయి. తడిస్తే మందు చచ్చిపోతుందనేది ఒకటి. ఎండబెడితే మునుపటి మందే తిరిగి వస్తుందనేది రెండోది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. ఆ కొంత నిజమే మనుషులను మోసం చేస్తోంది.

2025 అక్టోబర్ 8న కోనసీమ జిల్లా రాయవరం మండలంలో బాణాసంచా తయారీ కేంద్రం అంటుకుని ఆ రోజే ఆరుగురు చనిపోయారు. తర్వాత ఆ సంఖ్య పెరిగింది. దీపావళి అప్పటికి ఇంకా పన్నెండు రోజులుంది. 2014 అక్టోబర్ 20న అప్పటి తూర్పు గోదావరి జిల్లా యు.కొత్తపల్లి మండలం వాకతిప్పలో జరిగిన పేలుడు పదిహేను మందికి పైగా ప్రాణాలు తీసింది. అప్పుడు పండగ రెండు మూడు రోజుల్లోకి వచ్చేసింది. ఇలాంటి ఘటన జరిగిన ప్రతిసారీ టీవీలో "రసాయనాలు వికటించి" అని ఒక ముక్క వినిపిస్తుంది. వికటించడం అంటే ఏమిటి? పెట్టిన చోట పెట్టినట్టున్న పొడి ఎందుకు వికటిస్తుంది? ఆ ఒక్క ముక్కను విప్పి చూడటానికే ఈ వ్యాసం.

తన గాలిని తానే మోసుకొచ్చే నిప్పు

పొయ్యిలో కట్టె మండాలంటే బయటి గాలిలోని ఆక్సిజన్ కావాలి. మందుకు ఆ అవసరం లేదు. మండే పదార్థం, ఆక్సిజన్ ఇచ్చే పదార్థం రెండూ పక్కపక్కనే పొడిగా కలిసి ఉంటాయి. పాతకాలపు మందులో బొగ్గు, గంధకం మండేవి. సురేకారం, అంటే పొటాషియం నైట్రేట్, ఆక్సిజన్ ఇచ్చేది. అందుకే అంటుకున్న మందు మీద గోనె కప్పినా, మూత పెట్టినా ఆరదు.

ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. కలవగానే చర్య జరిపే అవకాశం ఉన్న రెండు వస్తువులను కలిపి, "నేను చెప్పేదాకా ఆగండి" అని పెట్టెలో పెడుతున్నాం. అవి ఎంతకాలం ఆగుతాయి, ఏ పరిస్థితుల్లో ఆగవు అన్నదే రసాయన స్థిరత్వం.

స్థిరత్వం ఒకటి, సున్నితత్వం మరొకటి

ఈ రెండింటినీ చాలామంది ఒకటిగా కలిపేస్తారు.

ఆవకాయ జాడీ తీసుకోండి. ఎవరూ కదపకపోయినా, ఒక్క తడి గరిటె తగిలి ఉంటే లోపల బూజు పుడుతుంది. తనంతట తాను లోపలి నుంచి మారిపోవడం స్థిరత్వం లేకపోవడం. గాజు గ్లాసు సంగతి వేరు. అరలో నూరేళ్ళుంచినా అందులో ఏమీ మారదు, చెయ్యి జారితే మాత్రం ముక్కలవుతుంది. బయటి దెబ్బకు, రాపిడికి, నిప్పురవ్వకు ఎంత తొందరగా స్పందిస్తుందన్నది సున్నితత్వం.

సున్నితత్వానికి ఉదాహరణ మనకు దగ్గర్లోనే ఉంది. 2024 దీపావళి రోజున, అక్టోబర్ 31న, ఏలూరులో ఉల్లిపాయ బాంబుల సంచితో వెళ్తున్న స్కూటర్ గోతిలో పడి కుదుపుకు బాంబులు పేలాయి. ఒకరు చనిపోయారు, మరికొందరు గాయపడ్డారు. నేలకేసి కొడితే పేలడమే ఉల్లిపాయ బాంబు పని. గోతిలో పడ్డ బండికీ, నేలకు కొట్టిన చేతికీ దానికి తేడా తెలియదు. అక్కడ మందు వికటించలేదు, తన స్వభావం ప్రకారమే నడిచింది.

కష్టమంతా ఈ రెండు గుణాలు కలిసినప్పుడు వస్తుంది. స్థిరత్వం లేని మందు నిలవలో మెల్లగా మారుతూ, మారేకొద్దీ మరింత సున్నితం కావచ్చు. కొన్ననాడు కింద పడినా ఏమీ కానిది, ఆర్నెల్ల తర్వాత మూత తిప్పిన రాపిడికే అంటుకోవచ్చు. చూడ్డానికి మాత్రం అదే పెట్టె, అదే బొమ్మ.

తాతల మందు, వెండి పొడి, క్లోరేట్

"మా తాతల నుంచి మతాబులు, సిసింద్రీలు ఇంట్లోనే కూరుతున్నాం, ఏనాడూ ఏమీ కాలేదు" అనే పెద్దవాళ్ళు గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళు చెప్పేది అబద్ధం కాదు. సురేకారం, బొగ్గు, గంధకం కుటుంబం పొడిగా ఉన్నంతకాలం చాలా స్థిరమైనది. ఎంత స్థిరమైనదంటే, 2008లో అమెరికాలోని వర్జీనియాలో 1860ల అంతర్యుద్ధం నాటి ఫిరంగి గుండును శుభ్రం చేస్తుండగా అది పేలి, ఆ పని చేస్తున్న మనిషి చనిపోయాడు. దాదాపు నూట నలభై ఏళ్ళు ఆ మందు అలాగే ఉంది. కాలం గడిచినంత మాత్రాన మందు చావదని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. అయితే స్థిరంగా ఉండటం వేరు, ప్రమాదం లేకపోవడం వేరు. తాతల మందు కూడా రవ్వ పడితే క్షణంలో అంటుకుంటుంది.

తాతల కాలం తర్వాత మారింది పెట్టెలోని సరుకు. వెలుగు తెల్లగా రావడానికి, శబ్దం పెరగడానికి వెండి రంగులో ఉండే అల్యూమినియం పొడి వచ్చింది. అల్యూమినియం గిన్నెలో రోజూ వండుకుంటాం కదా, అది నీటికి ఎందుకు భయపడాలి అనిపిస్తుంది. గిన్నెను కాపాడేది దాని మీదుండే కంటికి కనపడని ఆక్సైడ్ పొర. అదే గిన్నెలో తడి సున్నం ఉంచి చూస్తే, క్షారం ఆ పొరను తినేసి, అడుగు నల్లబడి గుంటలు పడుతుంది. అల్యూమినియం, నైట్రేట్ కలిసిన మందుకు తేమ తగిలితే ఇలాంటిదే జరుగుతుంది. ఇక్కడ సున్నం బయటి నుంచి రానక్కర్లేదు. తడిలో అల్యూమినియం నైట్రేట్‌ను అమ్మోనియాగా మారుస్తుంది. అమ్మోనియా క్షారం, కాబట్టి పొరను కరిగిస్తుంది. పొర పోతే కొత్త లోహం బయటపడి చర్య ఇంకా పెరుగుతుంది, ఇంకాస్త అమ్మోనియా, ఇంకాస్త వేడి. ఒకసారి మొదలైతే తనను తానే ఎగదోసుకునే చర్య ఇది.

డబ్బా మూత తీయగానే వచ్చిన పశువుల కొట్టం వాసన ఆ అమ్మోనియాదే. అంటే మా అటక మీద ఆ పెట్టె నెలల తరబడి నిశ్శబ్దంగా పని చేస్తూనే ఉంది.

మూడోది క్లోరేట్, అంటే పొటాషియం క్లోరేట్ అనే లవణం. ఇది సురేకారం కంటే చాలా చురుకుగా ఆక్సిజన్ ఇస్తుంది. దాని చెడ్డపేరంతా గంధకంతో స్నేహం వల్ల వచ్చింది. తేమగాలి తగిలిన గంధకంలో లేశమాత్రం ఆమ్లం చేరుతుంది. ఆ ఆమ్లం క్లోరేట్‌ను విడగొట్టి క్లోరిన్ డయాక్సైడ్ అనే వాయువును పుట్టిస్తుంది. అది గంధకం మీదకే వచ్చి పడి మళ్ళీ ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఇదీ తనను తానే ఎగదోసుకునేదే. పైగా ఈ మిశ్రమం రాపిడికి అతి సున్నితం. అంటే స్థిరత్వమూ లేదు, ఓర్పూ లేదు. అందుకే బ్రిటన్ ఈ రెండింటి కలయికను 1894లోనే నిషేధించింది. మన దేశంలో నిషేధం 1992లో వచ్చింది. మధ్యలో దాదాపు వందేళ్ళ తేడా ఉంది. ఆ వందేళ్ళలో పోయిన చేతులను, కళ్ళను ఎవరు లెక్కపెట్టారు?

అలాగని క్లోరేట్ ఒక్కటే దోషి అనలేం. మనం దీపం వెలిగించే అగ్గిపుల్ల తలలో ఉన్నదీ క్లోరేటే. దానితో అతి ప్రమాదకరంగా స్పందించే ఎర్ర భాస్వరాన్ని పుల్ల మీద కాకుండా పెట్టె పక్కన పూశారు. గీసిన క్షణంలో, గీసిన చోట మాత్రమే రెండూ కలుస్తాయి. పడనివాళ్ళను ఒకే గదిలో పెట్టకపోవడమే భద్రత అన్న సూత్రం ప్రతి ఇంటి పొయ్యి పక్కనా కనిపిస్తూనే ఉంటుంది.

డెల్టా గాలిలో ఎంత నీరుంటుంది

"అటక మీద వాన పడలేదే, ఎలా తడిసింది?" అని అడుగుతారు. చిన్న లెక్క వేద్దాం.

పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గది తీసుకోండి. అందులో గాలి సుమారు 28 ఘనపు మీటర్లు. 30 డిగ్రీల దగ్గర గాలి ఘనపు మీటరుకు సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. అక్టోబర్‌లో తుఫాను పట్టిన సాయంత్రం తేమ 90 శాతం ఉంటే, సుమారు 27 గ్రాములున్నట్టు. తెల్లవారేసరికి గది 24 డిగ్రీలకు దిగితే గాలి పట్టుకోగలిగేది 22 గ్రాములే. మిగిలిన 5 గ్రాములు ఎక్కడో ఒకచోట దిగాలి. మొత్తం గదికి 140 గ్రాములు. ఒక టీ గ్లాసుకు పైగా నీళ్ళు గోడల మీదా, రేకు డబ్బాల మీదా, కాగితాల్లోనూ చేరతాయి. పగలు కొంత ఆవిరవుతుంది, రాత్రి మళ్ళీ దిగుతుంది. కాలవ గట్టు ఇళ్ళలో ఉప్పు జాడీ ఎందుకు నీరుకారుతుందో తెలిసిన వాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు.

తేమను లాగే గుణం అన్ని లవణాలకూ ఒకటి కాదు. శుద్ధమైన పొటాషియం నైట్రేట్ గాలి తేమ 90 శాతం దాటితే గానీ కరగదు. దాని తోబుట్టువు సోడియం నైట్రేట్ 75 శాతం దగ్గరే నీరైపోతుంది. చవక సరుకులో ఇలాంటి మలినాలు కాస్త ఉన్నా మందు మొత్తం తేమను పీలుస్తుంది. దీపావళి సరిగ్గా ఈశాన్య రుతుపవనాల రోజుల్లోనే వస్తుంది. మన దగ్గర మందు కూరే కాలమూ, గాలి అతి తడిగా ఉండే కాలమూ ఒకటే కావడం డెల్టా దురదృష్టం.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. తేమ తగ్గితే అంతా మంచిదే అనుకోకూడదు. బాగా పొడిగాలిలో నైలాన్, సిల్కు బట్టల రాపిడికి ఒంటి మీద స్థిర విద్యుత్తు పేరుకుంటుంది. వేలి కొస నుంచి దూకే చిన్న రవ్వ కొన్ని మందులకు చాలు. తేమగాలి ఆ విద్యుత్తును నిలవనివ్వదు. పొడి వాతావరణమే శివకాశి పరిశ్రమకు కలిసొచ్చిందంటారు. కానీ అక్కడ నూలు బట్టలు కట్టుకోవాలనీ, ఒంట్లోని విద్యుత్తును భూమిలోకి వదిలే రాగి రేకును తాకి గదిలోకి వెళ్ళాలనీ నియమాలు పెట్టాల్సి వచ్చింది. మన తేమ ఒకవైపు మందును పాడుచేస్తుంది, మరోవైపు రవ్వను ఆపుతుంది.

వేడి బయటికి పోయే దారి

నిలవలో చిన్నచిన్న చర్యలు జరిగితే ప్రతిసారీ అంటుకోదేం? పుట్టిన వేడి బయటికి పోతోంది కాబట్టి. పుట్టే వేడి, పోయే వేడి సమానంగా ఉన్నంతసేపూ ఏమీ కాదు. పుట్టేది ఎక్కువైన క్షణం నుంచి గొలుసు మొదలవుతుంది.

తడి ధాన్యం రాశిలో చెయ్యి పెట్టి చూసిన రైతుకు ఇది చెప్పక్కర్లేదు. పైన చల్లగా ఉంటుంది, మోచెయ్యి లోతుకు వెళ్తే కాలుతుంది. అక్కడ వేడికి కారణం గింజల శ్వాస, బూజు. మందులో కారణం రసాయన చర్య. కానీ వేడి లోపల ఇరుక్కుపోయే తీరు ఒకటే. పది సెంటీమీటర్ల పెట్టెలో ప్రతి ఘన సెంటీమీటరు సరుకుకూ 0.6 చదరపు సెంటీమీటర్ల పైతలం దొరుకుతుంది. మీటరు పెట్టెలో దొరికేది 0.06 మాత్రమే. అంటే వేడి పోయే దారి పదోవంతుకు పడిపోయింది. మందు మారలేదు, రాశి పెరిగిందంతే.

దీనికి రేకుల షెడ్డు తోడవుతుంది. చాలా రసాయన చర్యలు ప్రతి పది డిగ్రీలకూ సుమారు రెట్టింపు వేగం అందుకుంటాయన్నది మోటు లెక్క. 30 డిగ్రీల గదిలో నాలుగు నెలలు పట్టే మార్పు, మధ్యాహ్నం 50 డిగ్రీలకు చేరే రేకుల కింద, ఆ వేడి అలాగే నిలిస్తే, నెలలో అయిపోవచ్చు.

ఎండబెడితే తిరిగి వచ్చేది ఏ మందు?

కాగితం మీద కనిపించిన తెల్ల నూగు సురేకారం. తేమలో కరిగి, కాగితం గుండా బయటికి పాకి, నీరు ఆరిపోయాక పైన స్ఫటికాలై నిలిచింది. ఆ మేరకు లోపల తగ్గింది. ఇప్పుడు ఆ బుడ్డిలో ఒకచోట మండేది ఎక్కువ, మరోచోట ఆక్సిజన్ ఇచ్చేది ఎక్కువ. మందు బిళ్ళకట్టి పగుళ్ళిచ్చి ఉంటుంది. వరసగా పైనుంచి కిందికి మండాల్సిన చిచ్చుబుడ్డిలో నిప్పు ఆ పగుళ్ళ గుండా ఒక్కసారే లోపలికి దూరితే, పువ్వులు పూయాల్సింది బాంబులా పేలుతుంది. దీపావళి రాత్రి "చిచ్చుబుడ్డి పేలి చెయ్యి కాలింది" అనే కేసుల వెనక ఇలాంటి పగుళ్ళు ఒక కారణం.

రవ్వల కోసం మందులో కలిపే ఇనుప రజను మరో కథ. తేమలో తుప్పు పడుతూ వేడి పుట్టిస్తుంది. గంధకం పక్కనుంటే ఇంకా ఎక్కువ. ఇనుప రజను, గంధకం, నీరు కలిపిన ముద్ద తనంతట తానే వేడెక్కి మండుతుందని ఫ్రెంచి శాస్త్రవేత్త లెమెరీ 1700లోనే చూపించాడు. అగ్నిపర్వతాలు ఇలాగే పుడతాయనుకున్నాడు పాపం. ఆ ఊహ తప్పు, ప్రయోగం మాత్రం నిజం.

అంటే డాబా మీద ఎండిన తర్వాత మన చేతికొచ్చేది పాత మందు కాదు. అవే పదార్థాలున్న మరో మందు. దాని స్వభావం కొన్నవాడికీ తెలియదు, కూరినవాడికీ తెలియదు.

ఇళ్ళలో కూరడం ఆపాలా?

దీని మీద నిజాయితీగా రెండు వాదనలున్నాయి. పాత పద్ధతి మతాబు కాగితం గొట్టం మాత్రమే, పేలదు, చెవులు పగలగొట్టదు, నాలుగు కుటుంబాలకు రెండు నెలల కూడు పెడుతుంది, దాన్నీ బాంబులనూ ఒకే గాట కట్టడం అన్యాయం అంటారు కొందరు. సరుకు శుద్ధి తెలియదు, తేమను కొలవరు, వంటింటి పక్కనే నిలవ చేస్తారు, పిల్లలు చుట్టూ తిరుగుతారు, చిన్న ప్రమాదానికి కూడా గోడ అడ్డం లేదు అంటారు అవతలివారు. మొదటి వాదన మందు గురించి మాట్లాడుతోంది, రెండోది చోటు గురించి. నాకు రెండోది బరువుగా తోస్తుంది. మందు కుటుంబం ఎంత నెమ్మదైనదైనా, కొట్లో ఏ పొడి డబ్బాలో ఏముందో చెప్పగలిగేవాళ్ళు తక్కువైపోయారు.

చట్టం పరిమాణాన్ని పట్టుకుని నడుస్తుంది. 2008 నాటి పేలుడు పదార్థాల నియమాల ప్రకారం ఒకేసారి 15 కిలోల లోపు బాణాసంచా తయారీకి జిల్లా స్థాయిలో లైసెన్సు ఇస్తారు. అంతకు మించితే కేంద్రం కింద పేలుడు పదార్థాల భద్రతను చూసే పెసో సంస్థ ఇవ్వాలి. రాశి పెరిగితే వేడికి దారి తగ్గుతుందని పైన చూశాం కాబట్టి ఈ గీతకు అర్థం ఉంది. కానీ పండగ పది రోజులుందనగా ఆర్డర్లు మీద పడ్డప్పుడు, వాన పడి మందు ఆరనప్పుడు, ఆ గీత లోపల ఎవరు నిలబడ్డారో చూడటానికి ఆ షెడ్డులో ఎవరూ ఉండరు. వానకు ఆగిన పనిని ఎండ రాగానే తొందరగా ముగించాలన్న టెన్షన్ రసాయనం కాదు. అయినా ప్రమాదంలో దాని వాటా చిన్నది కాదు.

గ్రీన్ ముద్ర ఏం చెబుతుంది

పెట్టె మీద గ్రీన్ క్రాకర్స్ ముద్ర, క్యూఆర్ కోడ్ ఉంటే నిలవకు భయం లేదనుకునేవాళ్ళు పెరిగారు. జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ రూపొందించిన ఈ రకాలు పొగలోని ధూళిని కనీసం 30 శాతం తగ్గించడానికి ఉద్దేశించినవి. 2018లో సుప్రీంకోర్టు బాణాసంచాలో బేరియం లవణాలను నిషేధించడం కూడా గాలి కాలుష్యం కోసమే. ఈ మార్పులు ఊపిరితిత్తులకు మేలు చేసేవి. అటక మీద మూడు వానాకాలాలు గడిపిన పెట్టె ఎలా ప్రవర్తిస్తుందో ఆ ముద్ర చెప్పదు.

కొంచెం తడి, నిండా నీరు

చివరికి మా డబ్బా సంగతి. కొద్ది తడే ప్రమాదమైతే నీళ్ళలో వేయడం ఇంకా ప్రమాదం కదా అని చినమావయ్య అడిగాడు. సరైన ప్రశ్నే. కొద్ది తడి చర్యను మొదలుపెడుతుంది కానీ, పుట్టిన వేడిని మోసుకుపోవడానికి చాలదు. ఇంట్లో మిగిలే గుప్పెడు సరుకు నిండు బకెట్‌లో మునిగితే సురేకారం నీళ్ళలో విడిపోతుంది, వేడి అంతా నీళ్ళలోకి పోతుంది. బస్తాల కొద్దీ నిలవ ఉన్నచోట, లేదా డబ్బా పట్టుకుంటే వెచ్చగా తగిలినచోట బకెట్ పనికిరాదు. అక్కడ ముట్టుకోకుండా దూరంగా వచ్చి 101కి ఫోన్ చేయాల్సిందే.

డబ్బాను కుదపకుండా పెరట్లోకి తీసుకెళ్ళాం. ఒక్కొక్కటే నీళ్ళలోకి జార్చాం. చిచ్చుబుడ్డి అడుగు నుంచి సన్నటి బుడగలు చాలాసేపు పైకి వస్తూనే ఉన్నాయి. చినమావయ్య బకెట్ పక్కనే గొంతుక్కూర్చుని చూశాడు. "చచ్చిపోయాయన్నానే, ఇంకా ఊపిరి తీస్తున్నాయిరా" అన్నాడు.